దుకాణం కన్నా ముందు చిరునామా చూడు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. లాస్ ఏంజెలెస్‌లో మందు (మద్యం) దుకాణం పెట్టబోతున్నావనీ, వచ్చే వారమే లీజు మీద సంతకం చేస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఆ సంతకం కొన్నాళ్లు ఆపు.

ఈ వ్యాపారానికి రెండు అనుమతులు కావాలి. లైసెన్సు ఇచ్చేది కాలిఫోర్నియా రాష్ట్ర మద్య నియంత్రణ శాఖ. అందరూ ఏబీసీ అంటారు. ఆ స్థలంలో మందు అమ్మవచ్చా లేదా అన్నది మాత్రం నగర ప్లానింగ్ శాఖ తేలుస్తుంది. నీ దగ్గర డబ్బుండవచ్చు, నీ మీద ఒక్క కేసూ లేకపోవచ్చు. ఆ చిరునామాకు నగరం ఒప్పుకోకపోతే అవేవీ అక్కరకు రావు. కొత్తగా వచ్చినవాళ్లు ఏబీసీ చుట్టూ తిరుగుతూ నగరం సంగతి చివరికి తలుచుకుంటారు. ఈలోగా ఖాళీ గదికి నెలనెలా అద్దె కడుతూ ఉంటారు.

అందుకే ముందు ప్లానింగ్ కౌంటర్‌కు వెళ్లు. ఆ వీధి వాణిజ్య జోన్‌లో ఉందని బ్రోకరు చెప్పి ఉంటాడు. అది చాలదు. మందు అమ్మకానికి విడిగా కండిషనల్ యూజ్ పర్మిట్, అంటే షరతులతో నగరం ఇచ్చే అనుమతి, తీసుకోవాలి. అక్కడ ఇదివరకే మందు దుకాణం నడిచి మూతపడి ఉంటే, పాత అనుమతి ఇంకా చెల్లుతుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకో. నోటిమాట నమ్మవద్దు.

తర్వాత ఆ చుట్టుపక్కల నడిచి చూడు. 600 అడుగుల లోపు బడి గాని, పిల్లల ఆటస్థలం గాని ఉంటే ఆ ఒక్క కారణంతోనే ఏబీసీ కొత్త దరఖాస్తును తిరస్కరించవచ్చు. 100 అడుగుల లోపు ఇళ్లుంటే, వాళ్ల ప్రశాంతతకు భంగం కలగదని నువ్వే నిరూపించాలి. ఆ సెన్సస్ ట్రాక్ట్‌లో (జనగణన కోసం విడదీసిన చిన్న ప్రాంతంలో) జనాభాను బట్టి చూస్తే మందు దుకాణాలు కౌంటీ (మన జిల్లా లాంటిది) నిష్పత్తిని మించి ఉన్నా, పోలీసు లెక్కల్లో నేరాలు సగటు కన్నా 20 శాతం ఎక్కువగా ఉన్నా చిక్కే. అక్కడ మరో దుకాణం వల్ల ప్రజలకు సౌకర్యమో అవసరమో ఉందని నగరం తేల్చాలి. ఊరికే తేల్చదు.

ఇదంతా వేధింపులా అనిపిస్తుందని నాకు తెలుసు. అయినా ఆ ఊళ్లో జరిగిన ఒక సంగతి గుర్తుంచుకో. 1992 అల్లర్లలో దక్షిణ లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో దాదాపు 200 మందు దుకాణాలు ధ్వంసమయ్యాయి. వాటిలో చాలా వాటి యజమానులు కొరియా నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లు. ఏళ్ల తరబడి కూడబెట్టినదంతా బూడిదైంది. అయినా ఆ దుకాణాలను మళ్లీ తెరవనివ్వవద్దని చుట్టుపక్కలవాళ్లు పట్టుబట్టారు. తమ వీధుల్లో కిరాణా కొట్ల కన్నా మందు దుకాణాలే ఎక్కువయ్యాయన్నది వాళ్ల బాధ. ఆ ఉద్యమాన్ని నడిపిన కరెన్ బాస్ 2022లో ఆ నగరానికే మేయర్‌గా ఎన్నికయ్యారు. తిరిగి తెరవాలన్నవాళ్లు బహిరంగ విచారణకు వెళ్లి, దీపాలు, కాపలా వంటి షరతులకు ఒప్పుకోవాల్సి వచ్చింది. చాలామంది తెరవలేకపోయారు. నా దృష్టిలో రెండు పక్షాల బాధా నిజమే. నువ్వు దుకాణం పెట్టబోయేది ఆ జ్ఞాపకం ఇంకా చెరగని ఊళ్లో.

కాబట్టి నీ పర్మిట్ మీద విచారణ జరిగే రోజున కాదు, అంతకు ముందే ఇరుగుపొరుగును కలువు. దరఖాస్తు నోటీసు 30 రోజులు నీ గది ముందు అతికించి ఉంచాలి. కొత్త లైసెన్సయితే 500 అడుగుల లోపు ఇళ్లకు తపాలాలోనూ పంపాలి. ఆ కాగితం అందకముందే నువ్వు వెళ్లి తలుపు తట్టు. వెనక సందులో దీపం పెడతాననీ, సీసాలు పోగుపడనివ్వననీ, విడి బీరు డబ్బాలు అమ్మననీ నీ నోటితో చెప్పు. చెప్పినవి పర్మిట్ షరతుల్లో రాయించు.

దుకాణం తెరిచాక బీరు కంపెనీలవాళ్లు రంగురంగుల పోస్టర్లు ఉచితంగా తెచ్చి అద్దాల నిండా అంటిస్తామంటారు. ఒప్పుకోవద్దు. కిటికీలు, అద్దం తలుపులు కలిపి మూడో వంతు, అంటే 33 శాతం మించి ప్రకటనలు ఉండకూడదు. బయటి నుంచి చూసే పోలీసుకు లోపల గల్లాపెట్టె కనిపించాలి. నీ భద్రతకు కూడా అదే మంచిది.

డబ్బు సంగతి. అన్ని రకాల మందూ అమ్మే లైసెన్సులకు కౌంటీ జనాభాను బట్టి పరిమితి ఉంది. సాధారణంగా ఇప్పటికే లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గరే కొనుక్కోవాలి. ఆ సొమ్మును ఎస్క్రోలోనే, అంటే పని పూర్తయ్యేదాకా మధ్యవర్తి దగ్గర ఉండే ఖాతాలోనే, ఉంచు. ఏబీసీ బదిలీని ఆమోదించేదాకా అమ్మేవాడి చేతికి ఒక్క డాలరు కూడా ఇవ్వవద్దు. బీరు, వైన్ మాత్రమే అమ్మే లైసెన్సుతో మొదలుపెడితే ఖర్చు బాగా తగ్గుతుంది. నన్నడిగితే నీకు ఇప్పటికి అదే నయం.

పర్మిటు, లైసెన్సు రెండూ వచ్చాకే అద్దె మొదలవుతుందనీ, ఏ ఒక్కటి రాకపోయినా అడ్వాన్సు తిరిగి ఇస్తామనీ లీజులో రాయించు. యజమాని ఒప్పుకోకపోతే మరో చోటు చూసుకుందాం. ముసాయిదా రాగానే నాకు పంపు.

ఇట్లు,
మామయ్య