మా పాపకి ఇలారిస్ ఇంజెక్షన్ రాశారు, మొదలుపెట్టమంటారా?

మొదలుపెట్టండి. నేను డాక్టర్ని కాను, మకిల్-వెల్స్ సిండ్రోమ్ (దద్దుర్లు, జ్వరం మళ్ళీ మళ్ళీ వచ్చే వంశపారంపర్య జబ్బు) ఉన్న మనిషిని. వయసు 44, సొంతూరు తెనాలి, ఉంటున్నది న్యూజెర్సీ, ఆరేళ్ళుగా మీ పాపకి రాసిన మందే తీసుకుంటున్నాను. మీరు రాసినదాన్నిబట్టి మీరు డల్లాస్‌లో ఉంటారు, పాపకి తొమ్మిదేళ్ళు, బరువు 27 కిలోలు, జన్యు పరీక్షలో ఈ జబ్బు తెచ్చే ఎన్‌ఎల్‌ఆర్‌పి3 అనే జన్యువులో మార్పు ఉందని తేలింది, డాక్టరు ఎనిమిది వారాలకోసారి ఇలారిస్ వేయాలన్నారు. ఊళ్ళో మీ అత్తగారేమో దద్దుర్లకీ జ్వరానికీ జీవితాంతం సూదులేంటి, పెద్దయితే అదే పోతుంది అంటున్నారు. మా ఇంట్లో మూడు తరాలు నడిచిన మాట అది, అందుకే ముందు దాని సంగతి చెబుతాను.

మా నాన్న లెక్కల మాస్టారు. చలిగాలి తగిలితే చాలు, సాయంత్రానికి ఒళ్ళంతా దద్దుర్లు, కళ్ళు ఎర్రగా అయిపోయేవి, కాస్త జ్వరం, మోకాళ్ళు పట్టేసేవి. తెల్లారితే ఏమీ ఉండేది కాదు. నాయనమ్మ గొంగళితో రుద్ది పడుకోబెట్టేది, వీళ్ళ వంశానికి చలిగాలి పడదు అనేది, నేను పుట్టాక నాకూ అదే ముద్ర వేసేశారు. నలభై దాటాక నాన్నకి వెనక బెంచీ పిల్లల మాటలు వినపడటం మానేశాయి. యాభై ఆరో ఏట కిడ్నీలు పాడయ్యాయి, రెండేళ్ళు డయాలసిస్ మీద ఉండి పోయారు. షుగరు లేదు, బీపీ లేదు, ఎందుకు పాడయ్యాయో ఎవరూ చెప్పలేదు. నా జన్యు పరీక్ష రిపోర్టు వచ్చిన రోజు ఇక్కడి రుమటాలజిస్టు, మీ ఇంట్లో ఎవరికైనా చెముడు గానీ కిడ్నీ జబ్బు గానీ ఉండేదా అని అడిగింది. నాకు కాసేపు నోట మాట రాలేదు.

ఈ జబ్బులో జ్వరం, వాపు పుట్టించే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే పదార్థం ఏ క్రిమీ లేకపోయినా ఒంట్లో ఊరుతూనే ఉంటుంది. అందుకే యాంటీబయాటిక్స్ పనిచేయవు, సెట్రిజిన్ పనిచేయదు (ఎన్ని అట్టలు మింగానో లెక్కలేదు). దద్దుర్లు పైకి కనపడేవి, అంతే. లోపల చెవి నెమ్మదిగా దెబ్బతింటుంది, సీరమ్ అమిలాయిడ్ ఎ అనే ప్రొటీన్ ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే అమిలాయిడ్ అనే కరగని పదార్థంగా మారి కిడ్నీల్లో పేరుకోవచ్చు. పిల్ల హాయిగా ఆడుకుంటున్న రోజుల్లో కూడా ఇవి జరుగుతూ ఉండొచ్చు, అదే అత్తగారికి అర్థం కానిది.

ఇలారిస్ ఆ ఇంటర్‌ల్యూకిన్‌ని పట్టి ఆపే యాంటీబాడీ. ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు 26 రోజులు పడుతుంది కాబట్టి రెండు నెలలకోసారి సరిపోతుంది. అమెరికాలో 2009లో అనుమతి వచ్చింది, నాలుగేళ్ళు నిండిన పిల్లల నుంచీ. అంతకుముందు చేసిన ట్రయల్‌లో 35 మందికి ఒక డోసు వేస్తే 34 మందికి జబ్బు పూర్తిగా అణిగింది. తర్వాత కొందరికి చెప్పకుండా మందు ఆపి ఉత్తుత్తి ఇంజెక్షన్ వేస్తే ఆ 16 మందిలో 13 మందికి తిరగబెట్టింది, మందు కొనసాగించిన 15 మందిలో ఒక్కరికీ రాలేదు. అంటే తగ్గింది కదా అని ఆపేసే మందు కాదిది. నాకు మొదటి డోసు శుక్రవారం మధ్యాహ్నం వేశారు, శనివారం పొద్దున అద్దంలో చూసుకుంటే కళ్ళు తెల్లగా ఉన్నాయి. నా కళ్ళు తెల్లగా ఉంటాయని మా ఆవిడకి పెళ్ళయిన పదేళ్ళకి తెలిసింది.

సూది నొప్పి గురించి అంత టెన్షన్ వద్దు. చర్మం కింద వేసేదే, నర్సు వేస్తుంది. 27 కిలోలకి కిలోకి 2 మిల్లీగ్రాముల లెక్కన 54, వయల్‌లో ఒక మిల్లీలీటరుకి 150 ఉంటుంది, అంటే పాపకి వెళ్ళేది మూడో వంతు మిల్లీలీటరుకి కాస్త ఎక్కువ. చాలకపోతే కిలోకి 3 దాకా పెంచుతారు. మిగిలింది పారేయాల్సిందే, దాని ఖరీదు తెలిసి చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

రోజూ వేసుకునే కినరెట్ ఇంజెక్షన్ మేలా అని కూడా అడిగారు. ఇలారిస్‌కి ఇన్సూరెన్స్ అప్రూవల్ వచ్చేలోగా నేను ఏడు నెలలు అదే వాడాను. పనిచేస్తుంది, కానీ ఒంట్లో కొన్ని గంటలే ఉంటుంది, ఒక పూట మరిచిపోతే మర్నాటికి ఒళ్ళు చెప్పేస్తుంది. లోపలికి వెళ్తున్నప్పుడు మిరపకాయ రాసినట్టు మంట, మొదటి నెల వేసిన చోటల్లా ఎర్రటి బిళ్ళలు. ఫ్రిజ్ నుంచి తీసి అరగంట బయట ఉంచి వేసుకుంటే, రోజుకో చోటు మారిస్తే కొంత నయం. పిల్ల చేత రోజూ ఇది చేయించడం నాకైతే కష్టమే అనిపిస్తుంది. పైగా అమెరికాలో ఈ జబ్బుల కుటుంబంలో దానికి అనుమతి ఉన్నది అన్నిటికన్నా తీవ్రమైన నోమిడ్ అనే రకానికే (2012లో), కాబట్టి మకిల్-వెల్స్‌కి ఇన్సూరెన్స్ పేచీ పెట్టే అవకాశం ఎక్కువ.

కినరెట్‌తో ఇండియా ప్రయాణం ఇంకో కథ. సిరంజీలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. చెకిన్ లగేజీలో వేయకుండా క్యాబిన్ బ్యాగులో, డాక్టరు లెటరుతో, ఐస్ ప్యాకు నేరుగా తగలకుండా టవల్ చుట్టి, ఇరవై రెండు గంటలు చంటిబిడ్డలా మోసుకెళ్ళాను. తెనాలిలో దిగిన రాత్రి అమ్మ, "మందు బాగా చల్లగా ఉండాలన్నావుగా నాయనా" అని పద్నాలుగు సిరంజీలూ ఫ్రీజర్లో పెట్టేసింది. పొద్దునకి అన్నీ రాళ్ళు. ఇలారిస్ క్లినిక్‌లో వేస్తారు కాబట్టి ఆ గోల లేదు, రెండు డోసుల మధ్య వెళ్ళొచ్చేయొచ్చు.

అసలు యుద్ధం కాగితాలతో. నా ఇన్సూరెన్స్ వాళ్ళు రెండుసార్లు కుదరదన్నారు, రెండోసారి కారణం "చర్మ అలెర్జీకి ఈ మందు అవసరం లేదు" అని. అప్పీల్‌కి జన్యు రిపోర్టు, జ్వరం ఉన్నరోజు తీసిన సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష), సీరమ్ అమిలాయిడ్ రిపోర్టులు, తేదీలతో దద్దుర్ల ఫోటోలు, నాన్న కథ అంతా పెట్టాం, మా డాక్టరు వాళ్ళ డాక్టరుతో ఫోన్లో మాట్లాడింది, అప్పుడు కదిలింది. ఫోటోలు ఇవాళ్టి నుంచే తీయండి, మందు పడ్డాక దద్దుర్లు దొరకవు. కోపే (ఇన్సూరెన్స్ పోను మనం కట్టాల్సిన వాటా) సాయానికి మందు కంపెనీ ప్రోగ్రామ్ ఉంది, క్లినిక్‌లో అడగండి.

మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష చేస్తారు. పాప ఇండియాలో పుట్టి బీసీజీ వేయించుకుని ఉంటే చేతి మీద గుచ్చి చూసే పరీక్ష ఉత్తినే పాజిటివ్ రావచ్చు. నాకు అలాగే వచ్చింది, రెండు నెలలు వృథా. రక్తంతో చేసే పరీక్ష అడగండి, బీసీజీ దానికి అడ్డురాదు. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ లాంటి లైవ్ టీకాలు (బలహీనపరిచిన బతికున్న క్రిమితో చేసేవి) బాకీ ఉంటే డాక్టరుతో మాట్లాడి ముందే వేయించేయండి, మందు మొదలయ్యాక కుదరదు. ఇండియా వెళ్ళేముందు టైఫాయిడ్ టీకా మాత్రల రూపంలో ఇస్తామంటే వద్దనండి, అవి లైవ్, ఇంజెక్షన్ రూపంలోది పర్లేదు. ఇక జలుబులు కాస్త ఎక్కువ వస్తాయి. మందు పడ్డాక జ్వరం వస్తే పాత జబ్బేలే అనుకుని ఇంట్లో కూర్చోకండి, ఇన్ఫెక్షన్ అయ్యుండొచ్చు, అదే రోజు క్లినిక్‌కి ఫోన్ చేయండి. ఇన్ఫెక్షన్ ఉండగా డోసు రోజు వస్తే వాయిదా వేయాలో లేదో వాళ్ళే చెబుతారు.

ఇంకొకటి. మీ ప్రశ్నలో ఎక్కడా పాప చెవి పరీక్ష మాట లేదు. ఆడియాలజిస్టు దగ్గర ఒక పూట పని, మొదటి డోసుకి ముందే చేయించి కాగితం దాచండి. ఏడాదికోసారి పోల్చుకోవడానికి అదొక్కటే కొలత, నాకు 38 దాటాకే చేశారు కాబట్టి అప్పటికి ఎంత పోయిందో చెప్పేవాళ్ళు లేరు.