ఐటా మన టెన్నిస్ ఆటగాళ్లకు ఏం చేస్తుంది? హనుమకొండ నుంచి ఒక తండ్రి జవాబు

ప్రశ్న అడిగినవారు రెండు సంగతులు అడిగారు. మన జాతీయ టెన్నిస్ సంఘం, అంటే ఐటా, ప్రొఫెషనల్ ఆటగాళ్లను ఎలా తయారు చేస్తుంది అన్నది ఒకటి. వరంగల్ లాంటి చోట ఉన్న పిల్లవాడు దాన్ని నమ్ముకుని రాకెట్ పట్టొచ్చా అన్నది రెండోది. రెండోదానికి ముందు జవాబు చెప్తాను: నమ్ముకోవద్దు. మా వాడు ఎనిమిదో ఏట రాకెట్ పట్టాడు, ఇరవై రెండో ఏట పోటీలు మానేశాడు. ఆ పద్నాలుగేళ్లూ వాడి వెంట తిరిగాను. జాతీయ సంఘం నుంచి మా ఇంటిదాకా వచ్చినవి రెండే: ఒక రిజిస్ట్రేషన్ నంబరు, ఒక టోర్నమెంట్ల క్యాలెండరు. క్యాలెండరు చిన్న విషయమని అనుకోకండి, నా బాధంతా దాని గురించే.

నేను ప్రభుత్వ బడిలో లెక్కల టీచర్ని. మా వాడు ఆట నేర్చుకున్నది ఊళ్లోని ఒక క్లబ్బు సిమెంటు కోర్టు మీద. పొద్దున అయిదున్నర నుంచి ఎనిమిది దాకా పెద్దవాళ్ల డబుల్స్ నడిచేది, సాయంత్రం మళ్లీ వాళ్లే. పిల్లలకు కోర్టు దొరికేది ఎండెక్కిన తర్వాతే. వాడు కోర్టు పక్క గోడకు బంతి కొట్టుకుంటూ ఎదురుచూసేవాడు. ఆ పెద్దమనుషులు చెడ్డవాళ్లని అనను. కానీ పన్నెండేళ్ల పిల్లవాడి పొద్దుటి గంట ఎంత విలువైనదో వాళ్లలో ఒక్కరికీ తట్టకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇక గట్టింగ్ సంగతి. తీగ తెగితే మళ్లీ బిగించే మిషను అప్పట్లో మాకు ఊళ్లో దొరకలేదు. ఆదివారం పొద్దున కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లి, రెండు రాకెట్లకు గట్టింగ్ చేయించుకుని, రాత్రికి ఉప్పల్ నుంచి బస్సులో తిరిగి వచ్చేవాణ్ని. తీగకు పెట్టిన డబ్బుకూ దారి ఖర్చుకూ పెద్ద తేడా ఉండేది కాదు.

ఐటా పిల్లల టోర్నమెంట్లలో అండర్-12, 14, 16, 18 అని వయసు విభాగాలుంటాయి. ఒక్కో విభాగంలో టాలెంట్ సిరీస్, చాంపియన్‌షిప్ సిరీస్, సూపర్ సిరీస్, నేషనల్ సిరీస్, ఆపైన నేషనల్స్ అని మెట్లుంటాయి. మెట్టు ఎక్కేకొద్దీ పాయింట్లు ఎక్కువ, ఊరు దూరం. హైదరాబాద్ అయితే తెల్లవారుజామున బస్సెక్కి రాత్రికి ఇంటికి చేరొచ్చు. చెన్నై, బెంగళూరు, ఢిల్లీ అంటే పిల్లవాడితోపాటు ఇంకొకరు సెలవు పెట్టాలి. ఇంటర్‌లో చేరాక మరో తలనొప్పి. మా ఊరు జూనియర్ కాలేజీలకు పేరున్న ఊరు, నాలుగు రోజులు టోర్నమెంటుకు పోతే కాలేజీ నుంచి ఫోన్. ర్యాంకు రావాలంటే ఊళ్లు తిరగాలి, తిరిగితే హాజరు పోతుంది. మా అన్నయ్య ప్రతి పండక్కీ అడిగేవాడు, "ఇంత తిరిగితే పోరనికి ఏమొస్తదిరా?" అని. జవాబు చెప్పలేక లేచి పోయేవాణ్ని.

అసలు సంగతికి వస్తాను. పెద్దల ప్రొఫెషనల్ ఆటలో మగపిల్లలకు కింది మెట్టు అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నడిపే ఎం-15 టోర్నమెంట్లు. మొత్తం ప్రైజ్ మనీ 15 వేల డాలర్లు. మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో, మొదటి రౌండు గెలిస్తే ఒక ఏటీపీ పాయింటు. ఏటీపీ అంటే మగవాళ్ల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం. ఆ ఒక్క పాయింటు వస్తే ప్రపంచ ర్యాంకింగ్ జాబితాలో పేరెక్కుతుంది, రాకపోతే మీరు ఎక్కడా లేరు. మెయిన్ డ్రాలోకి రావాలంటే ఆ జాబితాలో పేరు లేనివాళ్లు ముందు క్వాలిఫయింగ్, అంటే అర్హత పోటీ, ఆడాలి.

మా వాడికి పందొమ్మిదేళ్లప్పుడు, మార్చిలో, మధ్యప్రదేశ్‌లో ఒక ఊళ్లో ఎం-15కు వెళ్లాం. లాడ్జి గది రోజుకు 1,200. క్వాలిఫయింగ్‌లో మొదటి మ్యాచ్ గెలిచాడు. సోమవారం మధ్యాహ్నం చివరి రౌండు. మొదటి సెట్ 6-4 మనదే, రెండోది 3-6. క్వాలిఫయింగ్‌లో మూడో సెట్ ఉండదు, పది పాయింట్ల టైబ్రేక్. 8-8 దాకా వచ్చాడు. సెకండ్ సర్వ్ వేసే ముందు బంతిని నేలకు ఏడుసార్లు కొట్టాడు. వాడు ఎప్పుడూ నాలుగుసార్లే కొడతాడు. నాకు కడుపులో దేవినట్టయింది. ఆ సర్వ్ నెట్‌కు తగిలింది, డబుల్ ఫాల్ట్. తర్వాతి పాయింటు అవతలివాడు లైను మీద కొట్టాడు. 8-10.

కోర్టు బయట వేపచెట్టు కింద కూర్చుని అరచేతి టేపు విప్పుకుంటూ మెల్లగా అన్నాడు, "బాపూ, రేపు పొద్దున లక్కీ లూజర్ సైన్-ఇన్ ఉంటది. ఇయ్యాల ఉండిపోదామా?" మెయిన్ డ్రాలో ఎవరైనా ఆఖరి నిమిషంలో తప్పుకుంటే, క్వాలిఫయింగ్ చివరి రౌండులో ఓడినవాళ్లలో ఒకరికి ఆ చోటు ఇస్తారు. అయితే పొద్దున మ్యాచ్‌లు మొదలు కాకముందే అక్కడికి వెళ్లి సంతకం పెట్టాలి. నేను లెక్క వేసుకున్నాను. జేబులో ఉన్నది రెండు వేల చిల్లర, రాత్రికి భోపాల్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో బెర్తులు, బుధవారం నాకు పదో తరగతి పరీక్షల ఇన్విజిలేషన్. "ఎవరో తప్పుకోవాలె, మళ్లీ నీకే రావాలె, అయ్యే పని కాదు బిడ్డా, పోదాం పా" అన్నాను. వాడు ఇంకో మాట అనలేదు.

పొద్దున నాగపూర్ దాటాక వాడి ఫోన్ మోగింది. పక్క గదిలో దిగిన తమిళ కుర్రాడు. మెయిన్ డ్రాలో ఒకతను జ్వరమని తప్పుకున్నాడట. సైన్-ఇన్ చేసింది ఇద్దరే. చోటు దొరికినవాడు మొదటి రౌండు గెలిచి పాయింటు కూడా తెచ్చుకున్నాడని సాయంత్రానికి తెలిసింది. ఆ అబ్బాయి కష్టపడ్డాడు, అక్కడ ఉన్నాడు, గెలిచాడు. అతని మీద నాకు కోపం లేదు. మా వాడు ఫోన్ పెట్టేసి కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు, కాజీపేట వచ్చేదాకా లేవలేదు. ఎం-15లో మొదటి రౌండు ఓడినా 156 డాలర్లు ఇస్తారు, అప్పటి లెక్కన 12 వేలు దాటుతుంది. ఒక్క రాత్రికి 1,200 పెట్టలేక దాన్నీ, ఆ పాయింటు కోసం ఆడే అవకాశాన్నీ వదిలేసుకుని వచ్చాం.

అదే టోర్నమెంటులో ఒక విదేశీ బృందం ఉంది. నలుగురు కుర్రాళ్లు, ఒక కోచ్. ఆ కోచ్‌కు జీతం ఇచ్చేది వాళ్ల దేశ సమాఖ్యే. ప్రతి మ్యాచ్‌లో కంచె పక్కన నిలబడి ప్రతి పాయింటూ నోటుబుక్కులో రాసుకునేవాడు. ఐస్ డబ్బా మోసేది ఆయనే, మర్నాటి ప్రాక్టీసుకు కోర్టు బుక్ చేసేది ఆయనే. వాళ్లలో ఒకడు క్వాలిఫయింగ్‌లో ఓడితే ఎవరూ టికెట్ల మాట ఎత్తలేదు, మర్నాడు పొద్దున వెళ్లి సంతకం పెట్టమన్నారు, అంతే. మా వాడితో సమానంగా ఆడే పిల్లలే వాళ్లు. జాతీయ సంఘం సాయం అంటే ఏమిటని అడిగితే నా కళ్ల ముందు నిలిచేది ఆ నోటుబుక్కు, ఆ ఐస్ డబ్బా.

మన దగ్గర సాయం లేదని కాదు. పైకి వెళ్లినవాళ్లకు ఉంది. కేంద్రం 2014లో మొదలుపెట్టిన ఒలింపిక్ పోడియం పథకం ప్రధాన జాబితాలో ఉన్నవాళ్లకు నెలకు 50 వేలు జేబు ఖర్చు ఇస్తారు. డేవిస్ కప్ జట్టులో ఉంటే ప్రయాణం, కోచ్, ఫిజియో చూసుకుంటారు. కానీ అక్కడిదాకా చేరడమే గండం, చేరినా గట్టి భరోసా లేదు. 2023 సెప్టెంబరులో మన దేశంలో సింగిల్స్ నంబర్ వన్‌గా ఉన్న సుమిత్ నాగల్ తన ఖాతాలో 900 యూరోలే ఉన్నాయని బయటికి చెప్పాడు. మన డబ్బులో 80 వేలు. నాలుగు నెలలకు అతనే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ ఆడి వచ్చి 31వ సీడ్ బుబ్లిక్‌ను ఓడించాడు. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో ఒక భారతీయుడు సీడెడ్ ఆటగాణ్ని ఓడించడం 1989లో రమేశ్ కృష్ణన్ తర్వాత అదే. 2024 జులైకి 68వ ర్యాంకుకు చేరాడు. దేశంలో అందరికన్నా పైనున్నవాడి పరిస్థితి అదైతే క్వాలిఫయింగ్ ఆడే మా పిల్లల సంగతి చెప్పేదేముంది!

నన్నడిగితే మన ఆటగాళ్లను ఎక్కువగా తయారు చేస్తున్నది అమెరికా కాలేజీలే. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా యూనివర్సిటీలో ఆడాడు, మన సాకేత్ మైనేని అలబామాలో ఆడాడు, మన యమలపల్లి సహజ శామ్ హ్యూస్టన్ స్టేట్‌లో ఆడింది. స్కాలర్‌షిప్పు, కోర్టు, కోచ్, చదువు అన్నీ ఒక్కచోట దొరుకుతాయి. సానియా మీర్జా సంగతి వేరు, ఆమె వెనుక తండ్రి నిలబడ్డాడు. అలాంటి తండ్రి ఉంటేనే ఆట వస్తుందంటే మరి సంఘం దేనికి?

ఇటలీని చూడండి. అక్కడి సమాఖ్య చిన్న చిన్న పట్టణాల్లో చాలెంజర్ టోర్నమెంట్లు, అంటే ఎం-15లకన్నా పై మెట్టువి, వరుసగా పెట్టించింది. పిల్లలను వాళ్ల కోచ్‌ల దగ్గరే ఉండనిచ్చి అక్కడికే సాయం పంపింది. 2019 ఫిబ్రవరిలో బెర్గామో చాలెంజర్‌లో 17 ఏళ్ల కుర్రాడికి వైల్డ్ కార్డు, అంటే ర్యాంకు చూడకుండా నిర్వాహకులు ఇచ్చే చోటు, ఇచ్చారు. అప్పుడు అతని ర్యాంకు 500 బయట. టైటిల్ కొట్టుకుపోయాడు. అతనే యానిక్ సిన్నర్. 2024 జూన్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. బెర్గామో జనాభా లక్షా ఇరవై వేలు, మా వరంగల్ ముందు చాలా చిన్న ఊరు. బ్రిటన్ సంఘానికైతే వింబుల్డన్ మిగులులో పదింట తొమ్మిది వంతులు వస్తుంది, వాళ్లతో మనకు పోలిక వద్దు. ఇటలీకి చేతిలో గ్రాండ్‌స్లామ్ లేదు. అయినా 2023 నుంచి వరుసగా మూడేళ్లు డేవిస్ కప్ గెలిచింది.

టోర్నమెంటు మన ఊళ్లో జరిగితే పిల్లవాడు ఇంట్లో పడుకుని, ఇంట్లో తిని ఆడతాడు. వైల్డ్ కార్డులు కొన్ని మన పిల్లలకే వస్తాయి. ఓడినా మర్నాడు పొద్దున వెళ్లి సంతకం పెట్టడానికి బండి మీద పది నిమిషాలు. ఇప్పుడేమో మన పిల్లలు పాయింట్ల కోసం ట్యునీసియాలోని మొనాస్టిర్‌కూ ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌కూ విమానమెక్కుతున్నారు, అక్కడ దాదాపు వారం వారం టోర్నమెంట్లు ఉంటాయి కాబట్టి. పోనీ పై మెట్లయినా నిలిచాయా అంటే, చెన్నైలో 1997లో మొదలైన ఏటీపీ టోర్నమెంటు 2018లో పుణెకు పోయి, 2023 తర్వాత అక్కడి నుంచీ పోయింది.

సంఘం పెద్దల దృష్టి మాత్రం ఇటు లేదు. 2012 లండన్ ఒలింపిక్స్ ముందు డబుల్స్‌లో ఎవరితో ఎవరు ఆడాలన్న గొడవ దేశమంతా చూసింది. 2024 సెప్టెంబరులో ఎన్నికలు జరిగితే వ్యవహారం కోర్టులో ఉండి ఫలితాలు సీల్డు కవర్లో పెట్టారు. కోర్టుకు వెళ్లినవాళ్లు సోమ్‌దేవ్, పురవ్ రాజా, ఇద్దరూ దేశం తరఫున ఆడినవాళ్లే.

నేను కోరేది ఒక్కటే. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్‌లో మూడు వారాలు వరుసగా మూడు ఎం-15లు పెట్టండి. ఒక్కోదానికి ప్రైజ్ మనీ మన డబ్బులో 13 లక్షల దాకా అవుతుంది. అంపైర్లు, బంతులు, వసతి అన్నీ కలిపినా 30 లక్షలు దాటదని నా లెక్క. చిన్న ఊళ్లలో జరపలేమంటారేమో. 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ మా హనుమకొండ జేఎన్ఎస్ స్టేడియంలోనే జరిగాయి, దేశమంతటి నుంచీ అథ్లెట్లు వచ్చి పరుగెత్తి వెళ్లారు. బాక్సర్ నిఖత్ జరీన్‌ది నిజామాబాద్. పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన జీవన్‌జీ దీప్తిది మా వరంగల్ జిల్లా కల్లెడ. ఈ నేలలో ఆడే పిల్లలు లేరని ఎవరంటారు?

మా వాడు ఇప్పుడు హైదరాబాద్‌లో పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. పోయిన ఏడాది పాత గట్టింగ్ మిషను ఒకటి కొని మా ఇంటి వసారాలో పెట్టాడు. నెలకు రెండు ఆదివారాలు వస్తాడు, చుట్టుపక్కల పిల్లలు శనివారం సాయంత్రానికే రాకెట్లు తెచ్చి ఇచ్చిపోతారు. తీగకు మాత్రమే డబ్బు తీసుకుంటాడు.

మీ పిల్లవాడు ఆడతానంటే ఆడనివ్వండి. రిజిస్ట్రేషన్ చేయించండి, మొదటి రెండేళ్లు హైదరాబాద్ దాటకండి. పెద్ద టోర్నమెంటుకు పోయినప్పుడు ఒక రాత్రి లాడ్జి డబ్బు విడిగా ఒక కవర్లో పెట్టుకోండి, దేనికీ ముట్టుకోకండి. క్వాలిఫయింగ్ చివరి రౌండులో ఓడినా రైలెక్కవద్దు. మర్నాడు పొద్దున సైన్-ఇన్ అయిపోయాకే టికెట్ తీయండి.