48 వదిలి 52కి వెళ్ళు తల్లీ

చిరంజీవి చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

జూడో నేషనల్ క్యాంపుకి ఎంపికయ్యావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎంత సంతోషమేసిందో! 48 కిలోల విభాగంలోనే ఉండాలని రాత్రిపూట అన్నం మానేశావని కూడా ఆ ఫోన్లోనే చెప్పింది. అందుకే పై విభాగమైన 52 కిలోలకి మారమని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు ఏడాదిలో బాగా పొడుగయ్యావు. కడుపునిండా తింటే 53 ఉంటావు. పోటీకి ముందు రోజు కాటా ఎక్కేందుకు అయిదు కిలోలు దింపితే ఆ అయిదు కిలోల్లో నీ బలం కూడా పోతుంది. తూకం అయ్యాక తినేస్తే సరిపోతుందని నీ స్నేహితులు చెబుతారు. పొద్దున్నే కొందరిని లాటరీలో పిలిచి మళ్ళీ తూస్తారు. అయిదు శాతం కంటే పెరగకూడదు, అంటే 50.4 దాటకూడదు. దాటితే ఆ రోజు ఆట ఉండదు.

ఇంకో మాట సూటిగా అడుగుతున్నాను, సిగ్గుపడకు. నెలసరి సరిగా వస్తోందా? రెండు మూడు నెలలు రాకపోతే ప్రాక్టీస్ ఎక్కువైందిలే అని వదిలేయొద్దు. చేసే కష్టానికి తిండి చాలడం లేదని అర్థం. అలాగే సాగితే ఎముకలు బలహీనపడతాయి. కోచ్‌కి చెప్పడం మొహమాటమైతే ఫిజియోకి చెప్పు, లేదా నాకు చెప్పు.

జపాన్ జూడో ఛాంపియన్ రియోకో తాని ఎప్పుడూ 48లోనే ఆడింది కదా అంటావని తెలుసు. ఆమె ఎత్తు 146 సెంటీమీటర్లు, అది ఆమె సహజమైన బరువు. ఆమె నుంచి నేర్చుకోవాల్సింది వేరే ఉంది. 1992 ఒలింపిక్స్‌లో రజతం. 1996 ఫైనల్లో ఉత్తర కొరియాకు చెందిన పదహారేళ్ళ కే సున్-హుయి చేతిలో ఓడి మళ్ళీ రజతమే. స్వర్ణం 2000లో గానీ రాలేదు. 2004లో ఇంకోటి గెలిచి, బిడ్డను కని, 2007లో మళ్ళీ ప్రపంచ ఛాంపియన్ అయింది. ఇంత కాలం ఆడాలంటే శరీరాన్ని కాపాడుకోవద్దూ? మన లింతోయ్ చనంబంనే చూడు. 2022లో సరాయెవోలో 57 కిలోల్లో క్యాడెట్, అంటే 18 ఏళ్ళలోపు వాళ్ళ, ప్రపంచ ఛాంపియన్ అయింది. తర్వాత ఒళ్ళు పెరిగింది, 63కి మారింది. ఆమెను తక్కువ చేసి ఎవరైనా మాట్లాడారా?

52లో మొదట్లో ఓడిపోతావు. అక్కడి అమ్మాయిల గ్రిప్ గట్టిగా ఉంటుంది, కాలర్ పట్టుకుంటే విడిపించుకోలేవు. రాండోరిలో, అంటే ప్రాక్టీస్ బౌట్లలో, నీకంటే బరువైన వాళ్ళతోనే ఎక్కువ ఆడు. నేవాజా, అంటే కింద పడ్డాక ఆడే ఆట మీద రోజూ విడిగా సమయం పెట్టు. మన పిల్లలకి అందమైన త్రో మీద ఉన్న మోజు కింద ఆడే ఆట మీద ఉండదు, నాకు ఎప్పుడూ బాధే. ప్రత్యర్థిని 20 సెకన్లు కదలకుండా అదిమి పట్టినా ఇప్పోనే, అంటే పూర్తి గెలుపే కదా!

ఓటమి గురించి కూడా చెప్పాలి. క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళి ఓడితేనే రెపిచేజ్, అంటే కాంస్యం కోసం ఇంకో అవకాశం. ముందే ఓడితే నాలుగు నిమిషాల్లో అంతా అయిపోతుంది. సుశీలా దేవి టోక్యో ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి ఒక్కతే వెళ్ళి మొదటి బౌట్‌లో ఓడింది. మరుసటి ఏడాదే బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో రజతం తెచ్చింది. అంతకుముందు రజతం 2014లో. మధ్యలో 2018 క్రీడల్లో జూడోనే లేదు. ఎనిమిదేళ్ళు ఆగడమంటే మాటలా?

బ్రెజిల్ రఫాయెలా సిల్వా 2012 ఒలింపిక్స్‌లో ప్రత్యర్థి కాలు పట్టుకుందని డిస్‌క్వాలిఫై అయింది. ఇంటర్నెట్‌లో ఆమె రంగును కూడా తిట్టారు. ఏడాది తిరిగేసరికి ప్రపంచ ఛాంపియన్ అయింది, 2016లో సొంత ఊరు రియోలోనే ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. కానీ 2019లో డోప్ పరీక్షలో ఉబ్బసం మందు బయటపడి రెండేళ్ళ నిషేధం పడింది, టోక్యో పోయింది. కాబట్టి జలుబు చేసినా, దగ్గు వచ్చినా మెడికల్ షాపులో అడిగి సిరప్ కొనుక్కోవద్దు. క్రీడాకారిణినని డాక్టర్‌కి ముందే చెప్పి, చీటీ దాచుకో. ఎవరో ఇచ్చిన ప్రోటీన్ డబ్బా అసలు ముట్టుకోకు.

చదువు మానొద్దు. పోలీసులో, రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకి డిగ్రీ పనికొస్తుంది. నెల జీతం ఉంటే మోకాలికి దెబ్బ తగిలినప్పుడు తొందరపడి మ్యాట్ ఎక్కవు.

క్యాంపులో చేరిన మొదటి వారంలోనే కోచ్‌ గారిని విడిగా కలిసి 52కి మారతానని అడుగు. వద్దంటే నీ ఎత్తు, మామూలు బరువు కాగితం మీద రాసి చూపించు. అప్పటికీ ఒప్పుకోకపోతే నాకు ఫోన్ చెయ్యి, నేను వచ్చి మాట్లాడతాను. ఈ రాత్రి మాత్రం అన్నం తిను. మీ అమ్మకి పప్పుచారు పెట్టమని చెప్పాను.

నీ పెద్దమ్మ