చలికాలంలో మడమలు ఎందుకు పగులుతాయి? ఏం చేస్తే తగ్గుతాయి?

అరికాలి చర్మంలో నూనె గ్రంథులు ఉండవు. పొడిగాలి తేమను లాగేస్తుంటే అడ్డుకునే జిడ్డు అక్కడ లేదు. అలా ఎండి గట్టిపడ్డ మడమ అంచు ఒంటి బరువుకి సాగలేక చీలుతుంది. వెనక పట్టీ లేని చెప్పులతో ఇంకా ఎక్కువ.

పడుకునే ముందు గోరువెచ్చని నీళ్లలో 10 నిమిషాలు పాదాలు నానబెట్టండి. మరీ వేడినీళ్లయితే చర్మం ఇంకా ఎండిపోతుంది. ప్యూమిస్ రాయితో తేలిగ్గా రుద్దండి, వారానికి రెండుసార్లు చాలు. తువ్వాలుతో అద్ది, తడి పూర్తిగా ఆరకముందే వ్యాజలిన్ పట్టించి నూలు సాక్సు వేసుకోండి. ఈ రాసుకోవడం మాత్రం ప్రతి రాత్రీ ఉండాలి. చర్మం బాగా మందంగా ఉంటే 10 నుంచి 20 శాతం యూరియా ఉన్న క్రీము మేలు. రక్తం వచ్చే పగులు మీద అది మండుతుంది, మానేదాకా వ్యాజలినే రాయండి.

బ్లేడుతో చెక్కడం మాత్రం దయచేసి వద్దు. లోతుగా తెగితే చీము పడుతుంది.

షుగరు ఉన్నవాళ్లకు స్పర్శ తగ్గి నీళ్ల వేడి తెలియకపోవచ్చు. వాళ్లు నానబెట్టడం, రుద్దడం రెండూ మానేయాలి. రోజూ పాదం కింద అద్దం పెట్టి చూసుకోవాలి. ఎరుపు, వాపు, చీము కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.