గురుత్వ తరంగాలను పట్టే అమెరికా ప్రయోగం లైగోకు ఒక్క డిటెక్టర్ చాలదా? అంత దూరంలో రెండు ఎందుకు?

చాలదు, ఎందుకంటే వచ్చిన సిగ్నల్ నిజంగా గురుత్వ తరంగమా (దూరాలను రవ్వంత సాగదీసి, కుదించే అల), లేక చుట్టుపక్కల అలజడా అన్నది ఒక్కదానితో నమ్మకంగా తేల్చడం చాలా కష్టం.

లైగోలోని ఒక్కో డిటెక్టర్‌కు 4 కిలోమీటర్ల చొప్పున రెండు చేతులు, అంటే పొడవాటి గొట్టాలు, ఉంటాయి. వాటిలో తిరిగే లేజర్ కాంతి, ఆ చేతుల పొడవులో ప్రోటాన్ (పరమాణువు లోపలి కణం) వెడల్పులో వెయ్యో వంతు తేడాను కూడా పట్టిస్తుంది. ఆశ్చర్యం కలిగించే సున్నితత్వమే, కానీ చిక్కూ అక్కడే: దగ్గర్లో లారీ వెళ్లినా అది కదలికే. అయితే ఆ లారీ అలజడి 3,000 కిలోమీటర్ల అవతలి రెండో డిటెక్టర్‌లో కనిపించదు. కాంతి వేగంతో వచ్చే గురుత్వ తరంగం మాత్రం రెండుచోట్లా ఒకే ఆకారంలో, 10 మిల్లీసెకన్లకు మించని తేడాతో నమోదవుతుంది.

2015 సెప్టెంబర్ 14న అదే జరిగింది. రెండు కృష్ణబిలాలు కలిసిపోయినప్పటి తరంగం ముందు లూసియానాలోని లివింగ్‌స్టన్‌లో, సుమారు 7 మిల్లీసెకన్ల తర్వాత వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్‌లో అందింది.

రెండో డిటెక్టర్, మొదటిది పాడైతే వాడుకునే స్పేర్ అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. రెండూ కలిసి పనిచేస్తేనే ఆ సమయ తేడా తెలుస్తుంది, తరంగం ఏ వైపు నుంచి వచ్చిందో అంచనా దొరుకుతుంది. ఆ అంచనా కూడా ఆకాశంలో పెద్ద పట్టీ అంత ఉంటుంది. దాన్ని కుదించడానికి ఇటలీలోని విర్గో లాంటి మూడో డిటెక్టర్ కావాలి.