మాత్ర మానకండి, మోతాదు గమనించండి

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

మీ అమ్మకు పార్కిన్సన్స్ (ఒళ్లు వణికి బిగుసుకుపోయే మెదడు జబ్బు) అని తేలిందనీ, దానికిచ్చే ముఖ్యమైన మందు లెవోడోపా వాడితే కొన్నేళ్లకు ఒళ్లు మెలికలు తిరుగుతుందని ఎవరో భయపెట్టగా కొన్న మాత్రలు బీరువాలో పెట్టేశారనీ రాశావు. ముందు వాటిని బయటకు తీయండి. మీ పెద్దమ్మను ఈ జబ్బుతో ఏళ్ల తరబడి చూసుకున్నవాడిగా చెబుతున్నాను, మందు దాచుకున్నంత మాత్రాన ఆ ముప్పు వాయిదా పడదు.

ఆఫ్రికాలోని ఘనాలో మందు సరిగా దొరక్క, జబ్బు మొదలైన సగటున నాలుగేళ్ల తర్వాత గానీ రోగులకు లెవోడోపా అందలేదు. ఇటలీలో రెండున్నరేళ్ల లోపే అందింది. ఈ రెండు దేశాల వారినీ పోల్చిన అధ్యయనం 2014లో వెలువడింది. జబ్బు వచ్చిన ఇంచుమించు అన్నే ఏళ్లకు ఇరు దేశాల వారిలోనూ ఒళ్లు మెలితిరిగే ఈ కదలికలు మొదలయ్యాయి. ఆలస్యంగా మొదలుపెట్టినవారికి కలిసొచ్చిందేమీ లేదు, ఆ మధ్యకాలమంతా బిగుసుకుపోయి బాధపడ్డారు. జబ్బు వచ్చి ఎన్నాళ్లయింది, రోజుకు ఎంత మోతాదు పడుతోంది అన్నవే లెక్కకు వచ్చాయి.

అలాగని మీ అమ్మకు ముప్పు లేదనను. చిన్న వయసులో జబ్బు మొదలైనవారికి, ఆడవారికి, బరువు తక్కువ ఉన్నవారికి ఈ కదలికలు ఎక్కువగా వస్తాయి. ఆమెకు ఇంకా యాభై నిండలేదు, మనిషా సన్నం. అందుకే డాక్టరు దగ్గరకు వెళ్లిన ప్రతిసారీ బరువు చూపించి చెప్పండి. ఈ జబ్బులో మనిషి చిక్కిపోవడం మామూలే, చిక్కితే పాత మోతాదే ఎక్కువైపోతుంది. లెవోడోపా రోజుకు 400 మిల్లీగ్రాములు దాటే కొద్దీ ముప్పు పెరుగుతుందని పరిశోధకులు గమనించారు. ఆ అంకె పట్టుకుని మీరే మాత్ర విరిచి ఇవ్వకండి, తన పనులు తాను చేసుకోగలిగేంత మందు ఆమెకు అందాలి. లెవోడోపాకు బదులు ముందు ప్రామిపెక్సోల్ వంటి వేరే పార్కిన్సన్స్ మందుతో మొదలుపెట్టవచ్చేమో డాక్టరును అడగండి. దానితో ముంచుకొచ్చే నిద్ర, డబ్బు ఖర్చు పెట్టాలన్న ఆపుకోలేని కోరిక కలగవచ్చు. అలాంటివి ఆమె తనంతట తాను చెప్పదు, మీరే కనిపెట్టి ఉండాలి.

ఇళ్లలో అందరూ తడబడేది వణుకుకూ ఈ కదలికకూ తేడా తెలియక. వణుకు ఒకే లయలో ఉంటుంది, చేయి ఊరికే ఒళ్లో పెట్టుకున్నప్పుడు ఎక్కువ. ఇదైతే మెడ, భుజాలు, నడుము మెలితిరుగుతూ ఊగుతాయి. అదీ చాలావరకు మాత్ర వేసుకున్న గంట, గంటన్నరకు, మందు బాగా పనిచేస్తున్న వేళలో. చూసే మనకు కంగారు, ఆమెకు మాత్రం అప్పుడే ఒళ్లు తేలికగా ఉండవచ్చు. దాన్ని వణుకు అనుకుని ఇంకో మాత్ర వేశారో, మరింత పెరుగుతుంది. మాత్ర వేసిన వేళ, కదలిక వచ్చిన వేళ, మళ్లీ బిగుసుకుపోయిన వేళ ఒక పుస్తకంలో రాయండి, ఫోనులో వీడియో తీయండి. అయిదు నిమిషాల సంప్రదింపులో డాక్టరుకు అంతకన్నా పనికొచ్చేది లేదు. వాటిని చూసే ఆయన మోతాదును చిన్న భాగాలుగా పంచుతారు, అవసరమైతే ఈ కదలికలను తగ్గించే అమాంటడిన్ అనే మందు చేరుస్తారు.

దూలగొండి గింజల పొడి మంచిదని చుట్టాలెవరో చెప్పే ఉంటారు. అందులో ఉన్నదీ లెవోడోపానే. మాత్రలతో పాటు అదీ తీసుకుంటే అసలు మోతాదు ఎంతో ఎవరికీ తెలియదు. డాక్టరుకు చెప్పకుండా చెంచాడు కూడా వద్దు.

ఇంకొకటి. వేరే ఏ జబ్బుతోనైనా ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఈ మాత్రలు వేళ తప్పకూడదు. హఠాత్తుగా ఆపితే తీవ్రమైన జ్వరం, బిగుసుకుపోవడంతో ప్రాణం మీదకు రావచ్చు. వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ ఇవ్వవద్దని ముందే చెప్పండి, లెవోడోపా మెదడులో డోపమిన్ అనే రసాయనంగా మారే పనిచేస్తుంది, ఆ ఇంజెక్షన్ దాన్నే అడ్డుకుంటుంది. ఈ రెండు మాటలూ, మాత్రల వేళలూ ఒక చీటీ మీద రాసి ఆమె పర్సులో ఈరోజే పెట్టు.

మీ పెదనాన్న