అమెరికాలో లెక్కల టీచరు శిక్షణకు డబ్బు: స్కాలర్‌షిప్ కంటే ముందు వీసా చూసుకోండి

కూకట్‌పల్లిలో ఇంటర్ పిల్లలకు ఆరేళ్లుగా లెక్కలు చెబుతున్న ఒక సోదరి అడిగిన సందేహమిది. ఎమ్మెస్సీ గణితం, ఆపైన బీఎడ్ చేశారు. భర్త హెచ్‌-1బీ మీద డాలస్‌లో ఉన్నారు. వచ్చే వేసవిలో ఆమె, అలాంటి ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే హెచ్‌-4 మీద బయలుదేరుతున్నారు. అక్కడ లెక్కల టీచర్లకు కొరత ఉందనీ, శిక్షణ ఖర్చు ప్రభుత్వమే భరిస్తుందనీ ఎవరో చెప్పారట. చెప్పినవారి మాట అబద్ధం కాదు గానీ, అందులో సగమే చెప్పారు.

టీచరు శిక్షణకు ఇచ్చే ఆ డబ్బు ప్రధానంగా రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ఫెడరల్ ప్రభుత్వపు టీచ్ గ్రాంట్. రెండోది నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో విశ్వవిద్యాలయాలు ఇచ్చే రాబర్ట్ నోయిస్ స్కాలర్‌షిప్. రెండింటికీ సాధారణంగా పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. హెచ్‌-4 వారు వీటికి అర్హులు కారు. హెచ్‌-4 మీద పని అనుమతి వచ్చినా ఈ విషయంలో మార్పేమీ ఉండదు. దరఖాస్తులు నింపుతూ ఒక ఏడాది పోగొట్టుకోకండి.

గ్రీన్‌కార్డు వచ్చిన రోజున మాత్రం వీటిని గుర్తుపెట్టుకోండి. టీచ్ గ్రాంట్ చట్టప్రకారం ఏడాదికి గరిష్ఠంగా 4,000 డాలర్లు, చేతికొచ్చేది కాస్త తక్కువ. మాస్టర్స్ వారికి మొత్తం పరిమితి 8,000. దానికి బదులుగా, చదువు ముగిసిన 8 ఏళ్లలోపు, పేద కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉండే బడిలో 4 ఏళ్లు పూర్తికాలం పాఠం చెప్పాలి. నోయిస్‌లో అయితే ఒక్కో ఏడాది డబ్బుకు రెండేళ్ల కొలువు. మాట తప్పితే ఇచ్చినదంతా అప్పుగా మారుతుంది; టీచ్ గ్రాంట్‌కైతే డబ్బు చేతికందిన నాటి నుంచే వడ్డీ లెక్కిస్తారు. నేను మాట తప్పలేదు, పేద పిల్లల బడిలోనే ఆల్జీబ్రా చెబుతున్నాను. అయినా ఒక ఏడాది ధ్రువీకరణ కాగితం కొద్ది రోజులు ఆలస్యమైందని నా గ్రాంట్‌ను అప్పుగా రాసేశారు. అలాంటివి చాలామందికి జరిగాక 2021లో నిబంధనలు సడలించారు, నాదీ తిరిగి గ్రాంట్ అయింది. అంతకుముందు రాసిన ఉత్తరాల కట్ట ఇంకా నా బీరువాలోనే ఉంది.

ఇక ఇప్పుడు మీకు పనికొచ్చే దారి వేరు. మీకున్నది ఎమ్మెస్సీ గణితం కాబట్టి, ఎడ్యుకేషన్ విభాగం వైపు కాకుండా గణిత విభాగం వైపు చూడమంటాను. అక్కడ మాస్టర్స్, పీహెచ్‌డీ విద్యార్థులకు టీచింగ్ అసిస్టెంట్‌షిప్ ఇస్తారు. మొదటి ఏడాది పిల్లలకు ట్యుటోరియల్ చెప్పి, జవాబు పత్రాలు దిద్దినందుకు నెలవారీ భృతి, చాలాచోట్ల ఫీజు మాఫీ కూడా దొరుకుతాయి. అయితే అది ఉద్యోగం కిందికే వస్తుంది. హెచ్‌-4 మీద చదువుకోవచ్చు గానీ జీతం తీసుకోకూడదు. మీవారి గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ-140 దరఖాస్తు ఆమోదమై మీకు పని అనుమతి రావాలి, లేదా మీరు విద్యార్థి వీసా అయిన ఎఫ్‌-1కు మారాలి. ఎఫ్‌-1లో గణిత డిగ్రీకి మరో లాభముంది: చదువయ్యాక 12 నెలల పని అనుమతికి స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కింద మరో 24 నెలలు కలుస్తాయి. గణిత బోధన డిగ్రీకి వేరే కోడ్ (డిగ్రీని వర్గీకరించే సంఖ్య) ఉంటుంది కాబట్టి, చేరేముందే ఆ కోడ్ స్టెమ్ జాబితాలో ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి.

సొంత డబ్బుతో చదవాల్సి వచ్చినా నిరాశ అక్కర్లేదు. టెక్సాస్‌లో హెచ్‌-4 వారు కూడా ఏడాది నివాసం నిరూపించుకుంటే స్థానికుల ఫీజుకే చదువుకోవచ్చు. అందుకని దిగిన నెలలోనే అద్దె ఒప్పందంలో మీ పేరు కూడా రాయించుకుని, ఆ తేదీ ఉన్న ప్రతి కాగితాన్నీ దాచండి.

హైదరాబాద్‌లో ఉండగా చేయాల్సిన పని ఒకటే, అదే అన్నిటికంటే విసుగు పుట్టించేది. డిగ్రీ, ఎమ్మెస్సీ, బీఎడ్ మూడింటి ట్రాన్‌స్క్రిప్టులకూ ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. మార్కుల మెమోల జిరాక్సులు అక్కడ చెల్లవు. విదేశీ డిగ్రీలను అక్కడి డిగ్రీలతో పోల్చి చూసే మూల్యాంకన సంస్థలు చాలావరకు అవి విశ్వవిద్యాలయం నుంచే నేరుగా రావాలంటాయి. నేను ఈ సంగతి తెలియక విమానమెక్కేశాను. ఆ తర్వాత మా నాన్నగారు దిల్‌సుఖ్‌నగర్ నుంచి మూడుసార్లు బస్సులో తిరిగారు: ఒకసారి చలాన్‌కు, ఒకసారి హాల్‌టికెట్ నంబరు సరిపోలలేదని, మరోసారి కవరు అతికించిన చోట ముద్ర సగమే పడిందని.